నక్క తోకమీద జీడిచుక్క

గోగులవాక అడవిలో కొత్త సంవత్సరం వేపపూతతో మొదలయ్యేది. పాత సంవత్సరం మాత్రం లెక్కతో ముగిసేది. ఎవరు ఏ పని చేసి ఏమి సంపాదించినా, అందులో ఆరోవంతు మృగరాజుగారి కొట్టుకు చెల్లించాలని అక్కడి శాసనం. కొట్టంటే కొండ నడుములో ఉన్న ఒక చల్లని గుహ. నడివేసవిలో వాగు ఇంకిపోయి, గరిక మాడి, నేల నెర్రెలు విచ్చినప్పుడు ఆ గుహ తెరిచి ముసలివాటికీ, కాళ్లు విరిగి తిండి వెతుక్కోలేక పడి ఉన్నవాటికీ పంచిపెట్టేవారు. అందుచేత ఆరోవంతు ఇచ్చేటప్పుడు గొణిగిన జంతువులు ఉన్నాయి గాని, ఇవ్వనన్న జంతువు లేదు.

ఆ శాసనంలోనే ఒక వెసులుబాటు కూడా ఉంది. పని చేయడానికి పెట్టిన ఖర్చు సంపాదన కాదు. దానిని ముందుగా పక్కన పెట్టి, మిగిలినదానిలోనే ఆరోవంతు తీయాలి. అలా పక్కన పెట్టమని అడిగేవారు ఆ వస్తువును తెచ్చి గుహ ముందున్న పక్కబండ మీద ఉంచాలి. తేవడానికి వీలుకానిదైతే అది ఉన్న చోటు చూపించాలి. అప్పుడు కొట్టు పెద్ద దానిమీద నల్లజీడి రసంతో ఒక చుక్క పెడుతుంది. చాకిరేవులో బట్టలకు పెట్టే గుర్తు వంటిదే అది. ఉతికినా పోదు, రుద్దినా పోదు. చుక్క పడిన వస్తువు ఆనాటినుంచి పనిది, ఇంటిది కాదు. ఈ ఆఖరి మాట శాసనంలో స్పష్టంగానే ఉన్నా, దానిని గుర్తు చేయవలసిన అవసరం ఎవరికీ రాలేదు. వడ్రంగిపిట్ట తన ఉలి తెచ్చేది, గిజిగాడు తన దబ్బనం తెచ్చేవాడు. ఉలినీ దబ్బనాన్నీ ఇంట్లో ఎవరు మాత్రం ఏం చేసుకుంటారు?

కొట్టు పెద్ద భద్రమ్మ అనే ఏనుగు. ఆమె నెమ్మదిగా నడుస్తుంది, అంతకంటె నెమ్మదిగా మాట్లాడుతుంది. తాను అన్నమాటా, ఇతరులు అన్నమాటా, రెండింటినీ మరిచిపోదు.

ఆ అడవిలో కర్రెన్న అనే నల్లని ఎద్దు ఉండేవాడు. కొండ అవతలి గనినుంచి ఉప్పురాళ్లు బండిమీద తోలుకొచ్చి, జంతువులు నాకడానికి ఇంటింటి ముందూ ఒక రాయి దించడం అతని వృత్తి. ఉప్పు లేని అడవి చప్పిడి కూడు వంటిది గనుక అందరూ అతనికి సంతోషంగానే గడ్డిమోపులూ ఉలవలూ ఇచ్చేవారు. చూసేవారికి ఆ సంపాదన ఘనంగా కనిపించేది. అయితే గని దారి పొడవునా పలుగురాళ్లే. అవి గిట్టలను ఆకురాయిలా అరగదీసేవి. అందుకని కర్రెన్న కంసాలిపిట్టచేత నాలుగు కాళ్లకూ ఇనుప నాడాలు కొట్టించుకునేవాడు. అవి అరిగినప్పుడల్లా మళ్లీ కొత్తవి. ఆ విధంగా అతని ఉలవలలో పెద్ద భాగం కంసాలిపిట్ట గూటికే చేరేది.

ఆ యేడు అతని ఇంట మరొక సంగతి జరిగింది. భార్య చుక్కమ్మ ఈనింది. దూడ బొద్దుగా, బూడిదరంగులో, తల్లి పొదుగు వదలకుండా తిరుగుతోంది. తల్లికి ఉలవలు లేకపోతే పాలు ఎండుతాయి. పాలు ఎండితే దూడ వేసవి దాటదు. ఉన్న ఉలవలలో ఆరోవంతు పోగా మిగిలేది తొలకరి దాకా రాదని భార్యాభర్తలిద్దరికీ తెలుసు.

లెక్కల రోజుకు ముందు మధ్యాహ్నం చుక్కమ్మ మాట కదిపింది.

"రేపు నాడాల ఖర్చు పక్కన పెట్టమని అడగండి. అది మనం తిన్నది కాదు గదా."

"అడిగితే ఎగ్గొట్టడానికి చూస్తున్నాడనుకుంటారే. ఇన్నేళ్లూ అడగలేదు."

"ఇన్నేళ్లూ దూడ లేదు."

కర్రెన్న నెమరు వేస్తూ కూర్చున్నాడు. సరిగ్గా ఆ సమయానికి పొదల చాటునుంచి ఒక మెరిసే తోక, దాని ముందు సుబోధయ్య అనే నక్క ప్రవేశించారు. తోకను వేరుగా చెప్పడం మర్యాద. ఎందుకంటే సుబోధయ్య తానుగా గుర్తింపబడడంకంటె తన తోక గుర్తింపబడడాన్నే ఎక్కువ గౌరవంగా భావించేవాడు. రాజాజ్ఞలు అడవంతా చాటడం అతని ఉద్యోగం. దానికి ప్రతి వాడనుంచీ ఎండుచేపలు ముట్టేవి. ఎక్కడికి పోవాలన్నా ఉప్పుబండి ఎక్కి కూర్చునేవాడు. కూలి ఇవ్వడం మాట అటుంచి, బండి కుదుపు ఎక్కువగా ఉందని దారంతా సణిగేవాడు.

"ఏం చెల్లెమ్మా, దూడ బాగా తాగుతోందా?"

"తాగుతోంది అన్నయ్యా. మీ బావకు మీరైనా చెప్పండి. నాడాల ఖర్చు అడగమంటే సిగ్గుపడుతున్నారు."

సుబోధయ్య చెవులు ఒక్క క్షణం నిక్కి, మళ్లీ సర్దుకున్నాయి.

"బావా, ఈ మాట ఎవరితోనైనా అన్నావా?"

"లేదు బావా."

"బతికిపోయావు." నక్క దగ్గరగా వచ్చి కూర్చుని తోకను ముందరికాళ్ల మీద శాలువలా కప్పుకున్నాడు. "నాడా ఎక్కడుంటుంది? కాలికి. కాలు ఎవరిది? నీది. ఒంటిమీదిది ఒంటిదే గాని పనిదెలా అవుతుంది? పింఛం విప్పడం తన వృత్తి అని నెమలి ఏనాడైనా ఖర్చు అడిగిందా? రేపు నువ్వు నాడాలు అడుగుతావు, ఎల్లుండి ఎలుగుబంటి తన బొచ్చుకు అడుగుతాడు. భద్రమ్మగారికి ఆశపోతులంటే గిట్టదు."

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గదా అన్నయ్యా," అంది చుక్కమ్మ.

"అడిగితే అమ్మ అన్నం పెడుతుంది చెల్లెమ్మా. ఆవిడ తొండంతో పెడుతుంది. ఉప్పుబండి కోసం దున్నపోతు నోరు తెరుచుకుని కాచుకుని ఉన్నాడు. ఆవిడకు కోపం వచ్చి బండి అతనికి ఇప్పిస్తే, నీ మగడు నాడాలు వేసుకుని ఎక్కడ తిరుగుతాడు? పెళ్లిళ్లకా?"

బండి పోతుందన్న మాట కర్రెన్న గుండెలో ములుకులా దిగింది. "వద్దు బావా. అడగను. ఉన్నదాంట్లో సర్దుకుంటాం," అన్నాడు.

"అదీ పెద్దమనిషి లక్షణం," అని సుబోధయ్య లేచాడు. తోక దులుపుకున్నాడు. ఇంత మంచి సలహాకు గుప్పెడు ఉలవలైనా అడగకుండా వెళ్లిపోయాడు.

అతను కనుమరుగయ్యేదాకా చూసి చుక్కమ్మ అంది, "ఏమీ పుచ్చుకోకుండా సలహా చెప్పాడు. నాకు అదే నచ్చలేదు."

మరునాడు ప్రొద్దెక్కేసరికి కొండగుహ ముందు జంతువులన్నీ బారులు తీరాయి. భద్రమ్మ రావిమాను మొదలంత కాళ్లతో గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పక్కన కొబ్బరిచిప్పలో నల్లజీడి రసం, అందులో ఒక ఈతపుల్ల. వడ్రంగిపిట్ట ఉలి మీద చుక్క వేయించుకుని ఎగిరిపోయింది. తరువాత సుబోధయ్య వంతు. అతని వెనుక కర్రెన్న, కర్రెన్న వెనుక మేక వీరమ్మ. వీరమ్మకు ఇద్దరు పిల్లలు, ఒక పదునైన నోరు. మూడింటినీ అదుపులో పెట్టడం ఆమెకు అలవాటు లేదు.

సుబోధయ్య తెచ్చిన ఎండుచేపల గంపలను భద్రమ్మ తొండంతో ఎత్తి తూచి, "సంపాదన బాగుంది. పక్కన పెట్టవలసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి పెద్దమ్మగారూ. సవినయంగా మనవి చేసుకుంటాను. మొదటిది నా గుహ. ఈ యేడు పందికొక్కులచేత లోతుగా తవ్వించి, నేలంతా మెత్తని దూదిగడ్డి పరిపించాను. దానికి చాలా చేపలు ఖర్చయ్యాయి. ఆ గుహ నా నివాసమని లోకం పొరబడుతోంది. నిజానికి అది చాటింపు కార్యాలయం. ఆజ్ఞను ఏ స్వరంలో చాటాలి, ఎక్కడ దీర్ఘం తీయాలి అన్న ఆలోచన అంతా అక్కడే చేస్తాను."

"ఆ ఆలోచన మా దొడ్డిదాకా వినిపిస్తుంది మామా," అంది వీరమ్మ వెనుకనుంచి. "మేము గురక అనుకుంటున్నాం."

"గొంతుకు విశ్రాంతి ఇవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే వీరమ్మా. నీకు అరవడం తప్ప తెలియదు గనుక అర్థం కాదు."

భద్రమ్మ చెవులు ఒకసారి ఊగి ఆగాయి. "సుబోధయ్యా, ఆలోచించి చెప్పు. గుహ పనిదేనా?"

"పనిదే."

"కొంతా, మొత్తమా?"

"మొత్తమే పెద్దమ్మగారూ. గుమ్మంనుంచి వెనుక గోడదాకా."

"ఇంటిది అన్నది అందులో ఏదీ లేదా?"

"గడ్డిపరక కూడా లేదు."

"సరే. పక్కన పెట్టాం. సాయంకాలం నేనే వచ్చి గుమ్మం రాతిమీద చుక్క పెడతాను. ఇంకా?"

ఇంత సులువుగా సాగుతుందని సుబోధయ్య అనుకోలేదు. వాదించవలసి వస్తుందని రాత్రి సిద్ధం చేసుకున్న మాటలు అతని నాలుక చివర ఊరికే మిగిలిపోయాయి. వాటిని మింగి, మరింత ధైర్యంగా తోక పైకెత్తాడు.

"రెండవది ఇప్పనూనె. చాటింపుకు ముందు నేను తోక ఎత్తి ఊపుతాను. అది నాకు జెండా. జెండా మెరవకపోతే రాజుగారి మాటకు విలువేముంటుంది? కనుక యేడాది పొడవునా దానికి నూనె రాశాను."

"నూనె చూపించు."

"తోకలోకి ఇంకిపోయింది గదా అమ్మా."

"అయితే చుక్క తోకమీదే పెట్టాలి. అది నీకు సమ్మతమేనా? ఒకసారి పెడితే పోదు."

సుబోధయ్య తన తోకను చూసుకున్నాడు. తరువాత ఎండుచేపల గంపను చూశాడు. మళ్లీ తోకను చూశాడు. చివరకు గంపే గెలిచింది. "పెట్టండి," అన్నాడు.

భద్రమ్మ ఈతపుల్ల ముంచి తోక చివర నిండుగా చుక్క పెట్టింది. జీడిరసం వెంట్రుకల్లో పాకి, చివరంతా కాటుక పెట్టినట్టు నల్లబడింది. "ఆరేదాకా కదపకు. వెనుకకు చాపి నేలమీద ఉంచు," అంది. సుబోధయ్య ఆ విధంగానే తోకను వెనుకకు బారుగా పరిచి, ముందుకు మాత్రం వినయంగా వంగి నిలబడ్డాడు.

"ఇంకేమైనా ఉన్నదా?"

"ఆఖరిది ఒక్కటే. ప్రయాణాలు. అడవి ఈ మూలనుంచి ఆ మూలకు పోవాలంటే దారి రాళ్లబాట అని తమకు తెలుసు. ఆ దారి దాటడానికి కావలసిన ఇనుము కొట్టించిన ఖర్చంతా నేనే భరించాను. అది నా లెక్కలో చేపల గంపలలో సగానికి పైమాటే."

కర్రెన్న ఈ మాట విన్నాడు. రాళ్లబాట, ఇనుము అన్న మాటలు అతనికి ఎక్కడో తగిలాయి. అయితే ఏ మాటనైనా మూడుసార్లు నమిలితే గాని మింగని స్వభావం అతనిది. నములుతూ ఉండిపోయాడు.

"ఇనుము ఏది? బండమీద ఉంచు," అంది భద్రమ్మ.

"ఇప్పుడు దగ్గర లేదమ్మా. దూరాన, దారిమీద, రాజుగారి సేవలో తిరుగుతూ ఉన్నది."

"అయితే చోటు చూపించాలి. అది ఆచారం."

"చూపిస్తాను. మరొక రోజున తీరికగా..."

వెనుక వీరమ్మ పిల్లలు ఎండకు తాళలేక తల్లిని నెడుతున్నారు. వీరమ్మ కర్రెన్నను కొమ్ములతో పొడిచింది. "ఏం కర్రెన్నా, వేరు దన్నుకున్నావా? జరుగు. మా పిల్లలకు నీడలోకి రావాలనుంది."

కర్రెన్న ఒక్క అడుగు ముందుకు వేశాడు. కొత్త నాడా కొట్టిన ముందరికాలు సరాసరి సుబోధయ్య తోకమీద పడింది.

నొప్పికి అబద్ధం చెప్పే తీరిక ఉండదు.

"అబ్బా, కాలు తియ్యి బావా," అని నక్క గిలగిలలాడిపోయాడు. "తోక రెండు ముక్కలైంది. నిన్నగాక మొన్న కొట్టించుకున్న ఇనుము, బరిసె మొనలా ఉంది. నీ ఉలవలన్నీ పోసి ఆ కంసాలిపిట్టచేత నా తోక నరకడానికే చేయించావా?"

కర్రెన్న కంగారుగా కాలు తీశాడు. "తప్పయింది బావా, చూసుకోలేదు," అన్నాడు. కాని అప్పటికే అందరి చూపూ అతని కాళ్లమీద పడింది. అడవి మొత్తానికి ఇనుము తొడిగిన కాళ్లు ఆ నాలుగే ఉన్నాయని అందరికీ ఒక్కసారే గుర్తుకొచ్చింది.

భద్రమ్మ తొండం నెమ్మదిగా దించింది. "సుబోధయ్యా, రాళ్లబాట దాటించే ఇనుము దూరాన తిరుగుతున్నదన్నావు. ఇంత దగ్గరగా ఉంటుందని నీకు కూడా తెలియదేమో."

"సొమ్మొకడిది, సోకొకడిది," అంది వీరమ్మ తన పిల్లలతో, కాని కొండకు వినిపించేలా.

కర్రెన్న నమలడం అప్పటికి పూర్తయింది. "బావా," అన్నాడు మెల్లగా, "నిన్న ఒంటిమీదిది ఒంటిదే అన్నావు. నా కాలికున్నప్పుడు ఒంటిదైన ఇనుము నీ లెక్కలోకి రాగానే పనిదెలా అయింది?"

దొరికిపోయినవాడు ఒక దారి మూస్తే మరొక దారి తవ్వుతాడు. సుబోధయ్య తోక నాకుకుంటూనే అన్నాడు, "పెద్దమ్మగారూ, మాట తొందరలో దొర్లింది. ఇనుము అతనిదే. నా లెక్కలోంచి తీసివేయండి. కాని ధర్మం ధర్మమే. అతనికి కూడా అది పక్కన పెట్టరాదు. పనిలో ఉన్నప్పుడే గాదు, ఇంట్లో కూడా వేసుకునే తిరుగుతాడు, వేసుకునే పడుకుంటాడు. పనికి మాత్రమే వాడనిది పనిదెలా అవుతుంది? తమరే సెలవివ్వాలి."

జంతువులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాయి. మాటలో పస ఉన్నట్టే తోచింది. కర్రెన్న తల వంచాడు. నిజమే, ఆ నాడాలతోనే అతను నిన్న మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని నెమరు వేశాడు.

భద్రమ్మ అడిగింది, "కర్రెన్నా, రేపటినుంచి ఉప్పుబండి లాగవద్దంటే నాడాలు కొట్టించుకుంటావా?"

"ఎందుకమ్మా? ఈ మెత్తని మన్నులో ఒట్టి గిట్టలే హాయి. వీటితో పడుకుంటే కాళ్లు బరువు. దూడకు తగులుతాయేమోనని ముడుచుకుని పడుకుంటున్నాను."

"విన్నారా," అంది భద్రమ్మ అందరినీ చూస్తూ. "మేకు దిగగొట్టిన నాడాను ప్రతి సాయంత్రమూ ఊడదీసి మూలన పెట్టలేరు. ఇంటిలోకి వచ్చినంత మాత్రాన అది ఇంటిది కాదు. పని లేకపోతే అక్కరలేనిదేదో అది పని ఖర్చు. పని లేకపోయినా కావలసినదేదో అది ఇంటి ఖర్చు. ఇంతకుమించి కొలత నా దగ్గర లేదు, అక్కరలేదు." ఆమె నక్కవైపు తిరిగింది. "ఇక నీ సంగతి. ఇనుము ఖర్చు భరించానని రాజుగారి బండ ముందు నిలబడి అన్నావు. ఇక్కడ అన్నమాట గాలిలో కలిసిపోదు. భరించానన్నావు గనుక భరించు. నీ గంపలలోంచి ఆ ఖర్చుకు సరిపడే చేపలు కొట్టుకు జమ అవుతాయి. కొట్టులోంచి అంతకు సరియైన ఉలవలు కర్రెన్నకు వెళతాయి."

సుబోధయ్య నోరు తెరిచాడు. అందులోంచి మాట రాలేదు. అడవి పుట్టిన తరువాత అది మొదటిసారి అని వీరమ్మ తరువాత చాలాకాలం చెప్పుకుంది.

"అమ్మా," అన్నాడు కర్రెన్న, "మరి నా నాడాల ఖర్చు పక్కన పెట్టమని కూడా అడగవచ్చా?"

అందరూ నవ్వారు. భద్రమ్మ నవ్వలేదు గాని, ఆమె కళ్లు నవ్వాయి. "ఇప్పుడు అడగడం నేర్చుకున్నావు, సంతోషం. కాని ఖర్చు నీకు తిరిగి వచ్చింది గదా. తిరిగి వచ్చినది పోయిన ఖర్చు కాదు, దానిని పక్కన పెట్టేది లేదు. వచ్చే యేడు నీ ఉలవలతో కొట్టించుకున్నవాటికి వచ్చి అడుగు. అడగవలసినది అడగకపోవడం వినయం కాదు కర్రెన్నా. తక్కువ ఇవ్వడం ఎంత తప్పుడు లెక్కో, తెలియక ఎక్కువ ఇవ్వడమూ అంత తప్పుడు లెక్కే. కొట్టుకు తప్పుడు లెక్కలు అక్కరలేదు."

కర్రెన్న తన ఆరోవంతు తన గంపలోంచి తానే తీసి పోశాడు. తిరిగి వచ్చిన ఉలవల మూటతో ఇంటికి చేరేసరికి చుక్కమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మూట బరువు చూసింది. దూడను కొంచెం పక్కకు జరిపి, అతను కూర్చోవడానికి చోటు చేసింది.

సుబోధయ్య మాత్రం అంతటితో తన కష్టాలు తీరాయనుకున్నాడు. ఇనుము పోతే పోయింది, గుహా నూనే దక్కాయి గదా అని మనసుకు నచ్చచెప్పుకున్నాడు. సాయంకాలం భద్రమ్మ వచ్చి, అన్న మాట ప్రకారం గుమ్మం రాతిమీద గుమ్మడికాయంత చుక్క పెట్టి వెళ్లింది.

మరునాడు ఎండ ముదిరే వేళకు అతను చేపలు సర్దుకుని గుహలోకి పోయేసరికి, దూదిగడ్డి మీద వీరమ్మ కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. ఒక పిల్ల ఆ గడ్డి తింటోంది. రెండోది తినడం ముగించి నిద్రపోతోంది. మూలన ముళ్లపంది ఒకడు, గోడవారన నాలుగు కుందేళ్లు.

"వీరమ్మా, ఇది నా ఇల్లు," అన్నాడు సుబోధయ్య.

"ఇల్లు కాదు గదా మామా. చాటింపు కార్యాలయం. చుక్క చూసే వచ్చాం. ఏదైనా చాటింపు ఉంటుందేమోనని కాచుకుని ఉన్నాం."

"ఈవేళ చాటింపు లేదు."

"ఫరవాలేదు. మాకు తొందర లేదు. చల్లగా ఉంది." వీరమ్మ కొంచెం జరిగి మళ్లీ కళ్లు మూసుకుంది. "అన్నట్టు, ఆ గడ్డి కూడా పనిదేనా? పరక కూడా ఇంటిది లేదన్నావు. పిల్లలు ఆకలి పనిలో ఉన్నారు."

సుబోధయ్య బయట ముళ్ల కలేచెట్టు కింద కూలబడ్డాడు. నూనె వాసనకు ఈగలు ముసిరాయి. తోలుకుందామని తోక ఎత్తాడు. లోపల నిద్రపోతున్న మేకపిల్ల ఎలా లేచిందో లేచి గుమ్మంలోకి వచ్చింది. "తాతా, తోక పనిది. చాటింపుకే ఊపాలి," అంది. ఈగలకు ఆ సంగతి ముందే తెలిసినట్టు, అవి మరింత నిశ్చింతగా వాలాయి.

ఎండలు ముదిరేకొద్దీ ఆ కార్యాలయానికి రాకపోకలు పెరిగాయి. చివరకు ఒకనాడు ఒళ్లంతా దద్దుర్లతో, నిద్రలేని కళ్లతో సుబోధయ్య కొట్టు ముందుకు వచ్చి నిలబడ్డాడు. వెంట ఒక గంప తెచ్చుకున్నాడు.

"పెద్దమ్మగారూ, గుహ ఇల్లే. గుమ్మంనుంచి గోడదాకా ఇల్లే. పక్కన పెట్టినదంతా సంపాదనలో కలిపి, దానిమీది ఆరోవంతు తెచ్చాను. చుక్క కొట్టివేయండి."

"ఇదే మాట మూడుసార్లు అడిగాను గదా ఆనాడు."

"అడిగారు. అడుగుతున్నది నా మేలు కోసమని తెలియలేదు."

భద్రమ్మ గంప లోపల పెట్టించి, నక్క గుహకు వచ్చి గుమ్మం రాతిమీది చుక్కకు అడ్డంగా ఒక గీత గీసింది. వీరమ్మ పిల్లలను లేపుకుని మర్యాదగా బయటికి నడిచింది. పోతూ పోతూ గడ్డి రుచి బాగుందని చెప్పింది. రాయిని గీతతో సరిచేయవచ్చు గాని, వెంట్రుకలలో ఇంకిన జీడిరసాన్ని భద్రమ్మ కూడా ఏమీ చేయలేకపోయింది. నూనె మీది ఆరోవంతు కూడా చెల్లించినందుకు ఈగలు తోలుకునే అనుమతి మాత్రం ఇచ్చింది. ఈనాటికీ నక్క తోక చివర నల్లగానే ఉంటుంది, చూడాలనుకునేవారు చూడవచ్చు.

తొలకరి పడేనాటికి కర్రెన్న దూడ తల్లిని మించి గంతులు వేస్తోంది. ఎవరికైనా ఎదురుచూడని మేలు జరిగితే నక్కతోక తొక్కి వచ్చావా అని అడగడం అప్పటినుంచే ఆ అడవిలో మొదలైందని గోగులవాక పెద్దలు చెబుతారు. కర్రెన్న మాత్రం ఆ మాట ఒప్పుకోడు. తొక్కడం పొరపాటున జరిగిందనీ, మేలు జరిగింది అడగడం నేర్చుకున్నందుకనీ అంటాడు. మరుసటి యేడు లెక్కల రోజున అతను ఎవరి సలహా లేకుండా పక్కబండ ముందు నిలబడి, ముందరికాలు ఎత్తి చూపించి, నాడా మీద చుక్క వేయించుకున్నాడు.

పని కోసం పెట్టినది అడిగి తగ్గించుకోవడం హక్కు. ఇంటి కోసం పెట్టినది పని పేర చెప్పినవాడికి ఇల్లే పని పాలవుతుంది.